ధర ఒకటే.. అన్నం ఎంతైనా! బెజవాడ భోజన హోటళ్ల తీరు ఇదీ

మధ్యాహ్నం పన్నెండు దాటితే చాలు.. విజయవాడ గాంధీనగర్, గవర్నరుపేట, వన్‌టౌన్ వీధుల్లోని భోజన హోటళ్లు కిటకిటలాడుతుంటాయి. తినేవారి కుర్చీ వెనకే తరువాతి బంతివారు నిలబడి ఉంటారు. చేతిలో టోకెను, కళ్లు విస్తరి మీద! మారు అన్నం వడ్డిస్తుంటే మరో పది నిమిషాలు ఆగాలని, పెరుగు గిన్నె ఖాళీ అవుతుంటే తమ వంతు వచ్చిందని వారికి అర్థమైపోతుంది. పల్లె నుంచి కోర్టు పనికి వచ్చిన రైతు, మందుల దుకాణాలు చుట్టి వచ్చే కంపెనీ ప్రతినిధి, ఆసుపత్రిలో రోగికి తోడుగా ఉన్న బంధువు.. అందరికీ అదే బల్ల, అదే ధర. పిడికెడు తిన్నా, నాలుగుసార్లు వడ్డించుకున్నా చెల్లించే మొత్తం మారదు.

కొలత లేకుండా అన్నం పెట్టి కూడా హోటలు ఎలా నిలదొక్కుకుంటుంది? ఈ ఆచారం కృష్ణా డెల్టాలో ఎలా స్థిరపడింది? ఇప్పుడు ఎందుకు సన్నగిల్లుతోంది? సమాధానాలు వంటగదిలోనే కాదు, కాలువల్లోనూ రైలు పట్టాల మీదా కూడా ఉన్నాయి.

పూటకూళ్ల ఇళ్ల నుంచి..

డబ్బు తీసుకుని అన్నం పెట్టడం తెలుగునాట కొత్త సంగతి కాదు. హోటల్ అనే మాట రాకముందు వాటిని పూటకూళ్ల ఇళ్లు అనేవారు. కాకతీయుల నాటి ఓరుగల్లు వీధులను వర్ణించిన 'క్రీడాభిరామము'లో అలాంటి ఇల్లు కనిపిస్తుంది. ఒక్క రూక ఇస్తే కర్పూరభోగి బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, పంచదార, నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుళ్లు, గడ్డపెరుగు వడ్డించేవారని ఆ కావ్యం చెబుతుంది. ఒకే ధర, అన్ని వంటకాలు! నేటి 'ఫుల్ మీల్స్' మూలసూత్రం అప్పటికే ఉందన్నమాట. 1897లో అచ్చయిన గురజాడ 'కన్యాశుల్కం'లోని పూటకూళ్లమ్మ ఈ వృత్తికి సాహిత్యంలో శాశ్వత స్థానం కల్పించింది. వితంతువులకు మరో జీవనోపాధి అందని కాలంలో ఇలా అన్నం వండిపెట్టడమే ఎందరికో దిక్కు.

పూటకూళ్ల ఇంటికీ, సత్రానికీ తేడా ఉంది. సత్రంలో అన్నం పుణ్యం కోసం పెట్టేవారు. పూటకూళ్ల ఇంట్లో డబ్బు తీసుకుని పెట్టేవారు. ఈ రెండు గుణాలూ నేటి భోజన హోటల్లో కలిసిపోయాయి. డబ్బు ముందే తీసుకుంటారు. కానీ వడ్డించేవాడు మాత్రం 'ఇంకొంచెం పెట్టమంటారా?' అని ఇంటివాడిలా అడుగుతాడు. అడగకపోతే కస్టమరుకు కోపం వస్తుంది!

కరువు నేలపై అన్నపు రాశి

లెక్కలేకుండా అన్నం వడ్డించడానికి ముందు ఆ అన్నం పండాలి. ఇప్పుడు ధాన్యాగారంగా పిలుచుకునే ఈ ప్రాంతం ఒకప్పుడు ఆకలితో అలమటించింది. 1832-33లో వచ్చిన నందన కరువులో గుంటూరు, మచిలీపట్నం ప్రాంతాల్లో జనం వేల సంఖ్యలో ప్రాణాలు కోల్పోయారు. ఎండిన పొట్టల కారణంగా దానికి డొక్కల కరువనే పేరు వచ్చింది. కృష్ణానది పక్కనే ప్రవహిస్తున్నా నీరు పొలాలకు మళ్లే మార్గం లేదు.

1852లో మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట ఆ స్థితిని మార్చింది. నదికి ఇరువైపులా కాలువలు సాగాయి. తూర్పున బందరు దాకా, పడమర తెనాలి, రేపల్లె దాకా మాగాణి విస్తరించింది. 1952లో ఆనకట్టకు గండి పడటంతో కొత్త నిర్మాణం చేపట్టారు. అదే 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ. డెల్టాలో అన్నం అగ్గువ కావడం, హోటల్లో అన్నానికి కొలత లేకపోవడం.. రెండింటికీ మూలం ఆ నీరే.

వరి వంగడాలూ హోటల్ రుచిని మార్చాయి. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరిని రైతులు నేటికీ బీపీటీ అనే పిలుస్తారు. సన్నగా, మెత్తగా ఉండే ఈ బియ్యం రాకతో భోజన హోటళ్లలో సన్నబియ్యపు అన్నం సాధారణమైంది. అయితే వంటవారు కొత్త బియ్యాన్ని ముట్టరు. కొత్తవి ముద్ద కడతాయి, అంతగా ఒదగవు. కొన్ని నెలలు నిల్వ ఉంచిన పాత బియ్యం నీరు ఎక్కువ పీల్చి, మెతుకుకు మెతుకు అంటకుండా విచ్చుకుంటుంది. కిలో బియ్యానికి వచ్చే అన్నమే హోటలు లాభనష్టాలను నిర్ణయిస్తుంది కాబట్టి బియ్యం బస్తా ఎంపిక యజమాని స్వయంగా చూసుకునే పని.

రైలు తెచ్చిన కాఫీ

పూటకూళ్ల ఇళ్ల స్థానంలో హోటళ్లు వెలియడానికి ప్రధాన కారణం రైలు. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో హైదరాబాద్ వైపు నుంచి ఒక మార్గం, కృష్ణపై వంతెనతో మద్రాసు వైపు నుంచి మరో మార్గం బెజవాడలో కలిశాయి. రైలు మారేందుకు గంటల తరబడి ఆగే ప్రయాణికులకు ఊళ్లో బంధువులు ఉండరు. వారికి అన్నం కావాలి, కాఫీ కావాలి. అప్పట్లో ఈ ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రంలో భాగం. 1953 వరకు పాలన, వ్యాపారం, చదువు అన్నీ మద్రాసుతోనే ముడిపడి ఉండేవి. అటునుంచి కాఫీ, సాంబారు, ఇడ్లీ, ఉడిపి వంటవారి దోసె వచ్చి చేరాయి. ఊళ్లో అప్పటికే ఉన్న పప్పు, పచ్చడి, పులుసు, పెరుగు వాటితో కలిశాయి. నేడు బెజవాడ భోజనంలో సాంబారు, చారు రెండూ ఎందుకుంటాయంటే కారణమిదే. ఒకటి దక్షిణం నుంచి రైలెక్కి వచ్చింది, మరొకటి ఇంటిదే.

గాంధీనగర్ కథ మరికొంత భిన్నం. సినిమా హాళ్లు, చిత్రాల పంపిణీ కార్యాలయాలు ఆ ప్రాంతంలో వెలిశాయి. రాష్ట్రం నలుమూలల నుంచి ప్రదర్శకులు అక్కడికే రావడంతో పొద్దుటి టిఫిను నుంచి రాత్రి రెండో ఆట ముగిసేదాకా హోటళ్లకు బేరం తగ్గేది కాదు.

బాబాయ్.. ఒక వరస!

ఆ గాంధీనగర్‌లోనే 1940ల నుంచి కొనసాగుతున్నది బాబాయ్ హోటల్. వేడి ఇడ్లీపై వెన్న వేసి ఇవ్వడం దీని ప్రత్యేకత. ఇడ్లీ వేడికి వెన్న కరిగి లోపలికి ఇంకుతుంది. పక్కన కారప్పొడి, చట్నీ. ఇంతకు మించి హంగు ఉండదు. 1992లో జంధ్యాల దర్శకత్వంలో 'బాబాయ్ హోటల్' పేరుతో సినిమా రావడం ఆ మాటకు తెలుగువారిలో ఉన్న చనువుకు నిదర్శనం.

హోటలు పేరుకు బదులు వరస పెట్టి పిలవడం ఈ ప్రాంతంలో పరిపాటి. బాబాయ్ హోటల్, పిన్నిగారి మెస్, మామయ్య కొట్టు.. ఇలా ప్రతి ఊళ్లో ఒకటి కనిపిస్తుంది. డబ్బు ఇచ్చి అన్నం తినడంలో ఉన్న మొహమాటాన్ని ఈ పిలుపు పోగొడుతుంది. పెట్టేవారికీ తినేవారికీ మధ్య ఇంటి బంధం ఉన్నట్టు భ్రమ కల్పిస్తుంది. ఆ భ్రమ నిలవాలంటే వంటా ఇంటి రుచిలోనే ఉండాలి.

ఇడ్లీ విషయంలోనూ కోస్తా పద్ధతి వేరు. తమిళనాట బియ్యాన్ని, మినుమునూ రెండింటినీ రుబ్బుతారు. ఇక్కడ మినప్పప్పు మాత్రం రుబ్బి, బియ్యపు రవ్వ కలుపుతారు. అందుకే ఇక్కడి ఇడ్లీ నాలుకకు కాస్త గరుకుగా తగులుతుంది. వెన్ననూ నేతినీ ఇట్టే పీల్చుకుంటుంది.

ఒక బంతిలో ఎవరైనా..

ఇంత సహజంగా కనిపిస్తున్న 'అందరికీ ఒకే బల్ల' ఒకప్పుడు లేదు. మద్రాసు రాష్ట్రపు కాలంలో చాలా హోటళ్లలో బ్రాహ్మణులకు వేరుగా, ఇతరులకు వేరుగా వడ్డించేవారు. దళితులకు ప్రవేశమే ఉండేది కాదు. డబ్బు ఉన్నా అన్నం దొరికేది కాదన్నమాట. ఈ కంచెను తొలగించేందుకు సంఘసంస్కర్తలు సహపంక్తి భోజనాలనే మార్గంగా ఎంచుకున్నారు. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రాన్ని స్థాపించి, 1947లో విజయవాడ పటమటకు తరలించిన గోరా దంపతులు కులాల పట్టింపు లేని విందులను ఉద్యమంగా నిర్వహించారు. కలిసి కూర్చుని తినడం అప్పట్లో ఎంతో ధైర్యంతో కూడిన పని.

1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్లు, దుకాణాలు, బావుల వద్ద కులం పేరిట అడ్డుకోవడాన్ని నిషేధించింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం దాన్ని శిక్షార్హం చేసింది. చట్టం కాగితం మీద ఉంటే, దాన్ని రోజూ రెండు పూటలా ఆచరణలో పెట్టిన చోట్లలో పట్టణపు భోజన హోటల్ ఒకటి. ఖాళీ అయిన కుర్చీలో కూర్చోవడమే తప్ప పక్కవాడు ఎవరని అడిగే వీలు అక్కడ లేదు. పల్లెల్లో కొన్నిచోట్ల వేరు గ్లాసుల పద్ధతి ఆ తరువాతా చాలాకాలం కొనసాగిందన్న చేదు నిజాన్ని గుర్తుంచుకుంటే, టౌన్‌ హోటల్ బల్ల విలువ తెలుస్తుంది.

వడ్డనకో వరుస

సంప్రదాయ భోజనంలో వంటకాలు ఎన్ని ఉన్నా వాటికో క్రమం ఉంటుంది. అరటి ఆకు కొస తినేవారి ఎడమవైపు ఉండేలా వేస్తారు. నీళ్లు చిలకరించి తుడిచాక ఉప్పు, పచ్చడి, ఊరగాయ, కూరలు పై భాగాన వడ్డిస్తారు. అన్నానికి చోటు కింది భాగంలో.

మొదట కందిపొడి లేదా పప్పు. దానిలో నెయ్యి. ముద్దపప్పుకు ఆవకాయ తోడైతే మరో కూర అవసరం లేదనేవారు ఎందరో. తరువాత గోంగూర పచ్చడి, వేపుడు, కూర. ఆపై పులుసో దప్పళమో సాంబారో. అటు తరువాత చారు. చివరగా పెరుగు లేదా మజ్జిగ. గట్టివాటి నుంచి పలుచనివాటికి, కారం నుంచి చలువకు సాగే ప్రయాణమిది. కారం తిన్న నోటికి పెరుగన్నం ఊరట ఇస్తుంది. పాలలోని కొవ్వు, కేసిన్ అనే మాంసకృత్తు మిరప ఘాటును తగ్గిస్తాయని ఆహార శాస్త్రమూ చెబుతోంది.

ఈ వంటకాల వెనుక డెల్టా, దాని చుట్టుపక్కల పంటలన్నీ ఉన్నాయి. ఆవకాయకు నూజివీడు మామిడి, గుంటూరు మిరప. కూరకు దుగ్గిరాల పరిసరాల కంద, పసుపు. ఆకులకు, కాయలకు లంక గ్రామాల అరటి తోటలు. మిఠాయి కావాలంటే బందరు లడ్డు ఉండనే ఉంది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది.

ఎద్దుల దాణా నుంచి విస్తరికి

కృష్ణా జిల్లా పేరు చెప్పగానే గుర్తొచ్చే ఉలవచారు పుట్టుక పశువుల కొట్టంలోనే. దుక్కిటెద్దులకు బలం కోసం ఉలవలు నానబెట్టి పెద్ద కాగుల్లో గంటల తరబడి ఉడికించేవారు. గింజలు ఎద్దులకు పెట్టి, మిగిలిన చిక్కటి కట్టును ఇంట్లోకి తెచ్చుకునేవారు. దానిలో చింతపండు పులుసు, ఉప్పు, కారం చేర్చి సన్నని సెగపై మరిగించి మరిగించి చిక్కబరిచి పోపు పెడితే ఉలవచారు. దానిపై మీగడో వెన్నో వేసుకుని అన్నంలో కలుపుకుంటారు.

ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులు తగ్గాయి. ఎద్దులు తగ్గాక ఇంట్లో ఉలవలు ఉడికించే కాగు మూలపడింది. పది మంది ఉన్న ఇంట్లోనూ ఒక పూట చారు కోసం అంత కట్టె, అంత సమయం వెచ్చించేవారు లేరు. ఆ పనిని హోటళ్లు తలకెత్తుకున్నాయి. ఒకనాడు రైతు ఇంట మిగులుగా లభించినది నేడు హోటల్ పట్టికలో ప్రత్యేక వంటకం, విందుల్లో అతిథులకు మర్యాద. ఇంట్లో కనుమరుగైన వంటను హోటలు కాపాడటం అంటే ఇదే.

లెక్క కుదిరేది ఇక్కడే

అన్నం ఎంతైనా పెట్టే హోటలు నష్టపోకుండా ఉండటానికి మూడు కిటుకులు ఉన్నాయి.

మొదటిది సగటు. ఒకరు నాలుగు మార్లు వడ్డించుకుంటే, మరొకరు ఒక్క మారుతో లేస్తారు. వృద్ధులు, పిల్లలు, ఎండన పడి వచ్చినవారు తక్కువ తింటారు. రోజుకు వందల మంది వచ్చే చోట ఎక్కువ, తక్కువ సరిపోతాయి.

రెండోది ఏది అపరిమితం, ఏది పరిమితం అన్న విభజన. అన్నం, పప్పు, సాంబారు, చారు, మజ్జిగ అడిగినంత. ఖరీదైన నెయ్యి గరిటెతో, పెరుగు గిన్నెతో, మిఠాయి ఒక్కటితో సరి. కడుపు నింపేవి చవకవి, నోరూరించేవి కొలతవి!

మూడోది వేగం. ఉదాహరణకు 40 కుర్చీలున్న హోటల్లో మధ్యాహ్నం మూడు గంటలు భోజనం పెడతారనుకుందాం. ఒక్కో బంతి అరగంటలో లేస్తే ఆరు బంతుల్లో 240 మంది తింటారు. అదే బంతి 45 నిమిషాలు సాగితే నాలుగు బంతుల్లో 160 మందే. అద్దె, జీతాలు, పొయ్యి ఖర్చు రెంటికీ ఒకటే. అందుకే వడ్డించేవారు పరుగులు తీస్తారు. తిన్నాక కబుర్లాడేవారి ముందు నీళ్ల గ్లాసు చప్పుడు చేస్తూ పెట్టడం వెనుక అంతరార్థమూ ఇదే.

ఈ లెక్కను తలకిందులు చేసేది తినేవారు కాదు, పారేసేవారు. పెట్టించుకుని వదిలేసిన అన్నం సగటులోకి రాదు.

ఒక్కొక్కటే సడలుతున్న పట్టు

కొన్నేళ్లుగా ఈ మూడు ఆధారాలూ బలహీనపడుతున్నాయి. పాతతరం వంటవారి పిల్లలు చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. తెల్లవారుజామునే లేచి పొయ్యి ముందు నిలబడే పనికి, బకెట్టు పట్టుకుని బంతి తిరిగే పనికి మనుషులు దొరకడం కష్టమవుతోంది. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన పనివారికి వేపుడు నేర్పవచ్చు గానీ, పులుసులో చింతపండు, బెల్లం పాళ్లు నేర్పడానికి కాలం పడుతుంది.

19 కిలోల వాణిజ్య గ్యాస్ సిలిండరుపై రాయితీ ఉండదు. జీఎస్టీ 18 శాతం. 2017 నవంబరు 15 నుంచి సాధారణ హోటళ్లు కస్టమరు నుంచి వసూలు చేసే పన్ను 5 శాతమే అయినా, తాము కొన్న సరుకులపై కట్టిన పన్నును అందులో మినహాయించుకునే వీలు లేదు. సిలిండరుపై కట్టిన 18 శాతం ఖర్చు కిందే పోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి నెయ్యి, వెన్నలపై పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గడం కొంత ఉపశమనం.

2020 మార్చిలో విధించిన లాక్‌డౌన్ బంతి భోజనాన్ని నిలిపివేసింది. అప్పుడు పెరిగిన పార్సిళ్ల అలవాటు తరువాత తగ్గలేదు. సెల్‌ఫోన్ యాప్‌ల ద్వారా ఇంటికే తెప్పించుకునే భోజనంలో మారు వడ్డన ఉండదు. అన్నం డబ్బాలోకి వెళ్లగానే దానికి కొలత వచ్చేస్తుంది! యాప్‌లకు కమీషన్ చెల్లించాలి, డబ్బాలకు ఖర్చు పెట్టాలి. అరటి ఆకు స్థానంలో ఆకు బొమ్మ ముద్రించిన కాగితం, స్టీలు పళ్లెంలో గుండ్రంగా కత్తిరించిన ఆకు ముక్క చేరాయి. బిర్యానీ కేంద్రాలు, పొద్దుటి టిఫిన్ బండ్లు బేరాన్ని పంచుకున్నాయి.

మరోవైపు చవక భోజనానికి ప్రభుత్వం వేరే దారి చూపింది. 2018లో మొదలై, 2019లో మూతపడిన అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టు 15న గుడివాడలో తిరిగి ప్రారంభమయ్యాయి. 5 రూపాయలకే భోజనం లభించడంతో కూలీలకు ఊరట కలిగింది. అయితే అక్కడ భోజనం కొలత ప్రకారం ఉంటుంది. అవసరాన్ని తీర్చడం దాని పని. భోజన హోటలు పని వేరు. అది మధ్యతరగతికి పండుగ లేని రోజున కూడా పంక్తి భోజనం పెట్టింది.

ఆ నీటి విలువ ఏమిటో 2024 సెప్టెంబరు మొదటివారంలో నగరం మరోలా చూసింది. బుడమేరు వరద సింగ్‌నగర్ తదితర ప్రాంతాలను ముంచెత్తినప్పుడు లక్షల మందికి పొయ్యి వెలిగించే దారి లేకపోయింది. ఆహార పొట్లాలను పడవల్లో, హెలికాప్టర్లలో, చివరికి డ్రోన్లతోనూ చేరవేయాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి వేడి అన్నాన్ని నడిచివెళ్లి తినే దూరంలో చూసిన ఊరికి, అన్నం అందడం వెనుక ఎన్ని చేతులు ఉంటాయో ఆ రోజుల్లో తెలిసివచ్చింది.

వినియోగదారులు గమనించాల్సినవి..

* ప్రతి హోటలూ ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ నంబరును అందరికీ కనిపించేలా ఉంచాలి.

* కాంపొజిషన్ పథకంలో నమోదైన చిన్న హోటళ్లు కస్టమరు నుంచి జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు. ఆ విషయం బోర్డుపైనా బిల్లుపైనా రాసి ఉండాలి.

* సర్వీసు చార్జీని అడగకుండా బిల్లులో చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. వడ్డించినవారికి మెచ్చి ఇచ్చేది తినేవారి ఇష్టం.

* మారు వడ్డన కావలసినంతే పెట్టించుకోవాలి. ఒకసారి విస్తరిలో పడిన అన్నాన్ని మరొకరికి పెట్టే వీలు లేదు. అది నేరుగా చెత్తబండికే చేరుతుంది.

నిలిచేవి ఏవి?

కాలానికి తగ్గట్టు మారిన హోటళ్లు నిలదొక్కుకుంటున్నాయి. కొన్ని వంటకాల సంఖ్య తగ్గించి రుచిని కాపాడుకున్నాయి. కొన్ని ఆదివారాలు, పండుగలకే ఆకు భోజనం పెడుతున్నాయి. మరికొన్ని పచ్చళ్లు, పొడులు, ఉలవచారు సీసాల్లో అమ్ముతూ ఆ రాబడితో మధ్యాహ్న భోజనాన్ని కొనసాగిస్తున్నాయి. నెల టికెట్ల పుస్తకంతో విద్యార్థులకు, ఒంటరి ఉద్యోగులకు అన్నం పెట్టే మెస్‌లు నేటికీ ఉన్నాయి.

ధర పెంచితే పాత కస్టమరు రాడు, పెంచకపోతే పొయ్యి వెలగదు. ఈ రెంటి మధ్య చాలామంది యజమానులు ముందుగా తగ్గించేది కూర గిన్నె సైజు, ఆ తరువాత నెయ్యి గరిటె. అన్నం మీద మాత్రం చేయి వేయడానికి వెనుకాడుతున్నారు. 'అన్నానికి వేరే బిల్లు' అని బోర్డు పెట్టిన రోజున అది మరో హోటలు అవుతుంది తప్ప భోజన హోటలు కాదన్న సంగతి వారికి తెలుసు.